మరగాళ్ళు

వెంకటాపురం కాడ రాత్రి మూడింటికి లేపినాడు కుడుముల బయన్న.
"లెయ్ మిలిట్రీ సామీ, బండ కాగకముందే కనుమెక్కల్ల."
చీకట్లో నాకు నవ్వొచ్చింది.
ముప్పయ్యేళ్ళ కిందట ఇదే జామున
ఇంకో గొంతు, ఇంకో భాషలో:
లేవండి, మంచు మెత్తబడకముందే కనుమ దాటాలి.

ఫాల్గుణం అయిపోవస్తాంది.
తెల్లారబోతాంటే అరిగిన చంద్రుడొకడు కొండ మీద.
ముందర కన్నడ సాములు బారులు బారులు.
"మల్లయ్యా" అని ఒకడంటే
లోయ అడుగునుంచి వందమంది అంటారు.
నా భుజాన రెండు నీళ్ళ క్యాన్లు,
మోకాలికి ఎలాస్టిక్ పట్టీ.

నాగలూటి మెట్లబావి కాడ చూసినా వాణ్ణి.
నింగప్ప. జమఖండి పిల్లోడు. ఇరవై ఉంటాయో ల్యావో.
మోకాలెత్తు మరగాళ్ళ మీద నిలబడే
గోడకానుకుని మజ్జిగ తాగుతాండాడు.
దిగితే మొక్కు చెడుతుందంట.
వారు తెగి, మడమ ఒరుసుకుపోయి, నెత్తురు ఎండి నల్లగయ్యింది.
వారు నిలువునా బిగించకూడదు, అడ్డం తిప్పి
పిక్క కింద ముడెయ్యాల.
నేను చెప్పేలోపే నా వేళ్ళు ఆ పని చేసేసినాయి.
"ఎల్లి కలితిరి?" అన్నాడు.

యాడ నేర్చుకుంటినని చెప్పేది?
కర్నూలు ఎండలో పుట్టినోణ్ణి కాశ్మీరు పంపి
కాళ్ళకు రెండు బల్లలు కట్టినారని,
ఎక్కేటప్పుడు అడుగున బొచ్చు తోలొకటి అంటిస్తారని,
ఆ బొచ్చు ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనియ్యదని,
ఆరు రోజులు, నాలుగు కనుమలు,
వసంతమొస్తే అక్కడ కొండలు
మధ్యాహ్నానికల్లా వదులై ఉరుముతాయని.

బయన్న అడ్డమొచ్చినాడు. "మంచంటే ఎట్లుంటది?"
ఉప్పనుకో.
"కొండంత ఉప్పా? ఎవురు తింటారు?"
సరే, ఆదోని మిల్లులో పత్తి అనుకో.
"మరి కాళ్ళు కూరకపోవా?"
అందుకే గదా బల్లలు.

రెండోనాడు పెచ్చెరువు దాటి
ఇప్పచెట్ల కింద పులిసిన వాసన,
ఎలుగు తినిపోయిన మిగులు.
వెదురాకు ఎండి, పొర మీద పొర, ఏటవాలంతా పరుచుకోనుంది.
ఎవరూ చూడ్డంల్యా అనుకుని
మోకాళ్ళు కొంచెం వంచి, బరువు ముందరికేసి
చెప్పులతోనే జారినా.
నాలుగు గజాలు. ఐదేమో.
బయన్న చూసినాడు. "ముసిలి కోతీ" అన్నాడు.

మూడోనాడు భీముని కొలను.
నిట్ట మెట్లు, రాతి మీద రాయి.
నింగప్ప మొదటి మెట్టు కాడే నిలబడిపోయినాడు.
దిగడు. దిగితే మొక్కు
వచ్చిన కన్నడంలో, రాని కన్నడంలో చెప్పినా:
నిటారు చోట మేమూ విప్పేవాళ్ళం రా.
విప్పి వీపున కట్టుకుని
బూటు మొనతో గుంత తవ్వుకుంటా ఎక్కేవాళ్ళం.
కొండ ఒప్పుకున్నంతసేపు అవి మనల్ని మోస్తాయి.
ఒప్పుకోని చోట వాటిని మనం మోస్తాం. అదీ నడకే.
విప్పను అన్నోడు ఒకడుండె మాలో.
వాని పేరు నింగప్పకు చెప్పలేదు.

వాడు చానాసేపు మెట్ల పైకి చూసినాడు.
ముడి విప్పుకున్నాడు.
నేల తగిలిన పాదాలు
ఎవరివో అయినట్టు వణికినాయి.
మరగాళ్ళు నేను మోసినా. నీళ్ళ క్యాన్లు వాడు మోసినాడు.

కైలాసద్వారం కాడ మళ్ళీ కట్టుకున్నాడు.
వెనక్కి తిరిగి చూడల్యా, చూస్తే పడతాడు.
నా మోకాలు ఇంక రానంది.
బయన్నా నేనూ బండ మీద కూచుని చూస్తాంటిమి.
మెత్తని దుమ్ములో వాని కర్రలు
చుక్కలు పెట్టుకుంటా పోతాండాయి,
చుక్క,
చుక్క,
మా బల్లలైతే గీతలు గీసేవి.

"రేపు ఉగాది," అన్నాడు బయన్న, బీడీ ముట్టించుకుంటా.
"మీ ఇంటి ముందర ముగ్గు ఎవరేస్తారు?"

నేనే, అంటి.